గొట్టంలో నీళ్లు, ట్యాంకులో ఇథనాల్: టర్బో కారును ఈ20కి సిద్ధం చేసుకునే పద్ధతి

పోయిన మే నెలలో ఒకే వారంలో నా షెడ్డుకు రెండు బళ్లు వచ్చాయి. మొదటిది 2014 పోలో జీటీ టీఎస్ఐ. "అన్నా, ఈ ఇథనాల్ వచ్చినకాంచి బండి సచ్చిపోయింది" అన్నాడు ఓనరు. రెండోది ఆక్టేవియా వీఆర్ఎస్, 230 హార్స్‌పవర్‌ది. ఆ కుర్రాడు దిగుతూనే "అన్నా, ఎండలో కూడా మస్తు లాగుతోంది, పెట్రోల్లో ఏం కలుపుతున్నరు?" అన్నాడు. తీరా అడిగితే ఇద్దరూ పోయించుకునేది కూకట్‌పల్లిలో ఒకే బంకులో.

పెట్రోలు ఒకటే. తేడా అందుకునే బండిలో ఉంది. ఇథనాల్ మంచిదా చెడ్డదా అని వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకునేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది: నీ ట్యాంకులో ఎంత శాతం ఉందో నీకు తెలుసా, నీ ఈసీయూకి, అంటే ఇంజిన్ని నడిపే కంప్యూటర్‌కి తెలుసా? ఆ రెండు సంగతులు తేల్చుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నాది విజయవాడ ఆటోనగర్ చదువు. ప్రీమియర్ పద్మినీ కార్బురేటర్లు కిరోసిన్ గిన్నెలో కడుగుతూ నేర్చుకున్నాను. ఇప్పుడు మూసాపేటలో షెడ్డు, చేతిలో స్పానర్ కన్నా ల్యాప్‌టాప్ ఎక్కువసేపు ఉంటోంది. కాబట్టి ఇందులో పుస్తకం మాటలు కొన్ని, చేతికి మసి అంటిన మాటలు కొన్ని ఉంటాయి.

ముందు ఏం మారిందో చూద్దాం

ఇథనాల్ మనకు కొత్తేం కాదు. 2003లో 5 శాతం కలపడం మొదలుపెట్టిన తొమ్మిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు ఎవరికీ తెలియనే లేదు. 2022 జూన్‌కి దేశం సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విడుదలైంది, మొదట 84 బంకుల్లో. 2030కి అనుకున్న 20 శాతాన్ని ముందుకు జరిపారు, 2025కి అందుకున్నారు. అంటే మూడేళ్లలో రెట్టింపు. కార్లు మాత్రం అంత తొందరగా మారవు కదా. మన రోడ్ల మీద పదేళ్ల బళ్లూ చాలానే ఉన్నాయి.

వేగం ఇష్టపడేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన అంకెలు మూడే.

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. తిప్పి చెప్పుకుంటే, సిలిండర్లోకి వచ్చిన అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. ఈ20 అయితే ఉత్త పెట్రోలుతో పోలిస్తే సుమారు 7-8 శాతం ఎక్కువ. ఈ85 అయితే 40 శాతం దాకా ఎక్కువ.

లీటరు ఇథనాల్లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్లో ఉండేదానికన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ తగ్గేది ఇందుకే, ఇందులో మాయ ఏమీ లేదు. ఈ10 కోసం తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1-2 శాతం, మిగతావాటిలో 3-6 శాతం తగ్గుతుందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. నా దగ్గరికి వచ్చి పది శాతం పడిపోయింది, పదిహేను పడిపోయింది అనేవాళ్లలో చాలామందికి టైర్లలో గాలి కూడా పడిపోయి ఉంటుంది. ముందు అది చూడండి.

మూడోది మనకు లాభం తెచ్చేది. ఆక్టేన్ అంటే నాకింగ్‌ని, అంటే సిలిండర్లో పెట్రోలు తనంతట తాను పేలడాన్ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. అందుకే మామూలు బంకు పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కి పెరిగింది. దానికి తోడు ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ పెట్రోలు కన్నా రెండింతలకు పైగా వేడి పీల్చుకుంటుంది. ఇంజెక్షన్ ఇచ్చేముందు నర్సు దూదితో స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది చూశారా, టర్బో తోసిన వేడి గాలికి సిలిండర్లో జరిగేది అదే. గాలి చల్లబడితే నాకింగ్ తగ్గుతుంది. నాకింగ్ తగ్గితే ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి లాగదు, అంటే ఆలస్యంగా వేయదు. ఆ వీఆర్ఎస్‌లో జరిగింది ఇదే. అంతకుముందు ఏడాది ఎండల్లో తీసిన లాగ్, అంటే ఇంజిన్ అంకెల రికార్డు నా దగ్గరుంది: రెండు సిలిండర్లలో స్పార్క్ టైమింగ్ నాలుగైదు డిగ్రీలు వెనక్కి పోయేది. ఇప్పుడు ఒకటిన్నర. కుర్రాడికి "లాగుతోంది" అనిపించింది ఆ మూడు డిగ్రీలే.

మరి పోలో ఎందుకు చచ్చింది? అక్కడికి వస్తాను.

బండి పుట్టుక తెలుసుకోండి

2023 ఏప్రిల్ తర్వాత తయారైన కారు అయితే రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలు ఈ20ని తట్టుకునేలా చేసినవే. అంతకుముందుదైతే పెట్రోలు మూత లోపల స్టిక్కరు, ఓనర్ల పుస్తకం చూడండి. ఈ10 అని ఉంటే భయపడి అమ్మేసుకోనక్కర్లేదు, కింద చెప్పినవి చేయండి. ఏమీ రాసి లేకపోతే, అంటే పాలియో 1.6 జీటీఎక్స్, పాత హోండా వీటెక్ లాంటి ముద్దు బళ్లు అయితే, రబ్బరు పైపుల సంగతి అన్నిటికన్నా ముందు చూడండి. ఆ రోజుల నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బుతుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది.

వారంటీలో ఉన్న కారైతే ఈ రాతలో ట్యూనింగు భాగం వదిలేసి, కొలిచే భాగం మాత్రమే చదవండి. కొలిస్తే వారంటీ పోదు.

గొట్టం పరీక్ష

నా షెడ్డులో అన్నిటికన్నా చవకైన సామాను ఇది, అన్నిటికన్నా ఎక్కువ గొడవలు ఆపింది కూడా ఇదే. కోఠీలో ల్యాబు సామాను అమ్మే షాపులో 100 మిల్లీలీటర్ల గాజు కొలగొట్టం అడగండి. పక్కన గీతలు, పైన మూత ఉండాలి. ప్లాస్టిక్కుది వద్దు.

ఆరుబయట, నీడలో, దగ్గర్లో సిగరెట్టు గానీ గ్రైండర్ గానీ లేనిచోట చేయండి. షెడ్డు లోపల వెల్డింగ్ నడుస్తుంటే ఆ పూట మానుకోండి. గొట్టంలో ముందు సరిగ్గా 10 గీత దాకా నీళ్లు పోయండి. పిల్లల సిరా ఒక్క చుక్క వేస్తే నీళ్ల గీత స్పష్టంగా కనిపిస్తుంది. దాని మీద 100 గీత దాకా పెట్రోలు పోయండి. అంటే 90 మిల్లీలీటర్ల పెట్రోలు అన్నమాట. మూత పెట్టి నిమిషం పాటు కుదపండి. మధ్య మధ్యలో మూత కొంచెం వదులు చేసి ఆవిరి పోనివ్వండి, లేకపోతే మూత ఎగిరి మొహాన పడుతుంది. నాకు పడింది కాబట్టి చెబుతున్నాను. తర్వాత పావుగంట కదపకుండా వదిలేయండి.

ఇథనాల్‌కి పెట్రోలు కన్నా నీళ్లంటే ప్రేమ ఎక్కువ. పెట్రోల్ని వదిలేసి కిందికి దిగి నీళ్లలో కలిసిపోతుంది. పావుగంట తర్వాత సిరా రంగు 10 దగ్గర ఉండదు, పైకి ఎక్కి ఉంటుంది. ఎక్కడ ఆగిందో చూసి అందులోంచి 10 తీసేయండి, మిగిలినదాన్ని 90తో భాగించి నూటితో గుణించండి. గీత 28 దగ్గర ఆగితే 18ని 90తో భాగిస్తే 20 శాతం. 19 దగ్గర ఆగితే 10 శాతం. అసలే పైకి ఎక్కకపోతే అందులో ఇథనాల్ లేనట్టే. కొంచెం ఇథనాల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది కాబట్టి ఈ లెక్క ఒకటి రెండు శాతం తక్కువే చూపిస్తుంది. మన పనికి అది చాలు.

ఖరీదైన 100 ఆక్టేన్ పెట్రోల్లో ఇథనాల్ ఉండదని చాలామంది నమ్ముతారు. లీటరుకి అంత డబ్బు పెట్టేవాడు నమ్మకం మీద ఎందుకు ఆగాలి? గొట్టంలో పోసి చూసుకోండి. అప్పుడు మీ డబ్బు దేనికి పోతోందో తెలుస్తుంది. ఇంకొక మాట: ఆక్టేన్ ఎక్కువ ఉన్నంత మాత్రాన బండి వేగం పెరగదు. ఆ ఆక్టేన్‌ని వాడుకునే మ్యాప్, అంటే ఈసీయూలో రాసి ఉండే పెట్రోలు, స్పార్క్ లెక్కల పట్టిక ఉంటేనే పెరుగుతుంది.

పరీక్ష అయ్యాక ఆ నీళ్ల పెట్రోల్ని తిరిగి ట్యాంకులో పోయకండి. మోరీలో కూడా పోయకండి. పాత ఆయిలు డబ్బాలో వేసి, ఆయిలు కొనుక్కునేవాడికి చెప్పి ఇవ్వండి.

బండి ఏమంటోందో వినండి

స్టీరింగు కింద ఈసీయూ అంకెలు చదవడానికి ఓబీడీ అనే సాకెట్టు ఉంటుంది. అందులో పెట్టే బ్లూటూత్ రీడరు, ఫోన్లో ఒక యాప్ చాలు. ఇంజిను బాగా వేడెక్కాక నాలుగో గేరులో నిదానంగా వెళ్తూ రెండు అంకెలు చూడండి: షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. అంకెలు చూసే పని పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి అప్పజెప్పండి. మీరు రోడ్డు చూడండి.

ట్రిమ్ అంటే ఈసీయూ తన లెక్కకి పైన వేసుకునే కొసరు. కూరగాయలమ్మాయి తూకం వేశాక గుప్పెడు వేస్తుంది చూడండి, అలాంటిది. రెండూ కలిపి చూసుకుంటే సున్నాకి అటూ ఇటూ 5 లోపు ఉంటే బండి సుఖంగా ఉంది. ప్లస్ 8 దాకా ఉంటే పాత మ్యాప్ ఈ20ని తట్టుకుంటోందని అర్థం. ప్లస్ 10 దాటితే ఇథనాల్ ఒక్కటే కారణం కాదు, వెతకాలి. 20 దాటితే చాలా బళ్లలో ఇంజిన్ లైటు వెలిగి పీ0171 కోడు పడుతుంది. అంటే మిశ్రమం పలచబడింది, మా భాషలో లీన్ అయింది.

పోలోలో ప్లస్ 13 ఉంది. ఓనరు వెంటనే "చూశారా ఇథనాల్!" అన్నాడు. ఇథనాల్ వాటా అందులో సగం పైచిలుకే తమ్ముడూ అన్నాను. ఎందుకంటే ఉత్త పెట్రోలు నుంచి ఈ20కి మారినా కొసరు 7-8కి మించకూడదు. మిగతాది ఎక్కడిది? కింద దూరి ఫ్యూయల్ ఫిల్టరు విప్పితే తెలిసింది. పదేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదు. తిప్పి గిన్నెలో కొడితే టీ డికాషన్ లాంటిది కారింది.

ఫుల్ యాక్సిలరేటర్ మీద అసలు రోగం బయటపడింది. దానికి నాలుగేళ్ల కింద ఎవరో రీమ్యాప్ చేశారు. ఎవరు చేశారన్నది వదిలేద్దాం. డైనో (బండి బలం కొలిచే రోలర్ల యంత్రం) మీద తిప్పితే 5,000 ఆర్పీఎం దాటాక మ్యాప్ అడిగిన ల్యాంబ్డా 0.88, దొరికింది 0.97. ల్యాంబ్డా 1 అంటే గాలికి సరిగ్గా సరిపడా పెట్రోలు, అంకె తగ్గేకొద్దీ పెట్రోలు ఎక్కువ. టర్బో ఇంజిన్‌కి బరువు మీద ఉన్నప్పుడు అది ఆకలి. ప్లగ్గులు విప్పితే తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉన్నాయి. ఇంకో వేసవి అలాగే తొక్కి ఉంటే పిస్టన్ పోయేది. అలా పోయిన తర్వాత అందరూ ఇథనాల్నే తిట్టేవాళ్లు. అది చేసిందల్లా కాస్త ఎక్కువ పెట్రోలు అడగడం. మూసుకుపోయిన ఫిల్టరు, అరిగిపోయిన పంపు అది ఇవ్వలేకపోయాయి.

ఫిల్టరు, ట్యాంకులోని పంపు, ప్లగ్గులు మార్చాం. ట్రిమ్ ప్లస్ 5కి దిగింది. ఆ తర్వాతే మ్యాప్ ముట్టుకున్నాం.

రబ్బరు, ఫిల్టరు

ఇథనాల్ మంచి కడుగుడు మందు. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురుని కదిలించి ముందుకు తోస్తుంది. అందుకని పాత బండికి ఈ20 అలవాటు చేస్తున్నప్పుడు మొదట్లోనే కొత్త ఫిల్టరు వేసి, రెండు మూడు ట్యాంకుల తర్వాత మళ్లీ ఒకసారి మార్చండి. రెండోసారి డబ్బు దండగ అనిపిస్తుంది. కాదు.

పైపులు కొనేటప్పుడు రబ్బరు మీద అచ్చువేసిన రాత చదవండి. ఎస్ఏఈ జే30ఆర్9 అని ఉండాలి. లోపలి పొర ఫ్లోరో రబ్బరుది, మన బజార్లో వైటాన్ అంటారు. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్కకి ఆర్9 సరిపోదు, జే30ఆర్10 కావాలి. అది మరిచిపోయి బయటి పైపునే లోపల వాడితే ఆరు నెలల్లో బయటి పొర చెక్కులు చెక్కులుగా ఊడి పంపు జల్లెడలో ఇరుక్కుంటుంది. రాణీగంజ్‌లో గానీ పుత్లీబౌలిలో గానీ ముద్ర లేని పైపు "సేమ్ క్వాలిటీ సార్" అని సగం ధరకి ఇస్తారు. తీసుకోకండి. ఇంజెక్టర్ల ఓ-రింగులు, మూత వాషరు కూడా వైటానే వేయండి. ఇవి చిల్లర ఖర్చులు, మంట లేచాక పెట్టే ఖర్చుతో పోల్చుకోండి.

మ్యాప్ రాయించేముందు

ఇప్పుడు ఇష్టమైన విషయం. 95 ఆక్టేన్, చల్లదనం, రెండూ చేతికొచ్చాయి కదా, వాటిని గుర్రాలుగా మార్చుకోవాలి. తొందరపడకండి. ముందు బండికి ఎంత పెట్రోలు ఇచ్చే శక్తి మిగిలి ఉందో చూడండి.

మామూలు ఇంజెక్టర్ల బండిలో చూడాల్సింది డ్యూటీ సైకిల్, అంటే ఇంజెక్టర్ ఎంత శాతం సమయం తెరిచి ఉంటోందో. ఫుల్ థ్రాటిల్లో 85 శాతం దాటితే ఇంజెక్టర్ ఊపిరాడకుండా ఉందని లెక్క. ఇంకో చుక్క కూడా నమ్మకంగా అడగలేం. టీఎస్ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ బండిలో, అంటే పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్మే బండిలో చూడాల్సింది రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే పైపులో ఒత్తిడి. వీఆర్ఎస్‌లోని 2 లీటర్ల ఇంజిన్లో హై ప్రెషర్ పంపు 200 బార్ దాకా ఇస్తుంది. లాగ్‌లో అడిగిన ప్రెషర్, దొరికిన ప్రెషర్ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పోతుంటే చోటు ఉంది. పై ఆర్పీఎంలో దొరికిన గీత కిందికి జారడం మొదలైతే, అక్కడే ఆగండి. మ్యాప్ ఎంత గొప్పవాడు రాసినా లేని పెట్రోలు తేలేడు.

లాగ్ తీయడానికి డైనో మంచిది. రోడ్డు మీదే తీయాలంటే ఖాళీ రోడ్డు, పగలు, రెండో గేరు. రాత్రి ఒంటిగంటకి ఓఆర్ఆర్ ఎక్కి వీడియోలు తీసేవాళ్లు నా షెడ్డుకు రావద్దు. ఈ మాట బోర్డు మీద కూడా రాశాను.

ట్యూనర్‌ని మూడు మాటలు అడగండి. ఈ మ్యాప్ ఎంత శాతం ఇథనాల్ మీద రాశావు? రేపు బంకులో 12 శాతం పడితే ఏమవుతుంది? నాకింగ్ కంట్రోల్ అలాగే ఉంచావా, ఆపేశావా? మూడోదానికి "ఆపేశాను, అప్పుడే పవర్ వస్తుంది" అంటే కీ తీసుకుని వచ్చేయండి. రెండోదానికి "ఏమీ కాదు" అంటే కూడా వచ్చేయండి. ఈ20 మీద టైమింగు అంచుదాకా లాగి రాసిన మ్యాప్‌లో 100 కిలోమీటర్ల అవతల ఏదో బంకులో తక్కువ ఇథనాల్ పడితే నాకింగ్ ఖాయం. నేను అంచుకి రెండు డిగ్రీలు ఇవతలే ఆపుతాను. డైనో కాగితం మీద నాలుగైదు గుర్రాలు తగ్గుతాయి. కానీ శ్రీశైలం ఘాట్‌లో నలుగురితో ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు ఆ కాగితం చూసేది ఎవరు?

ఎక్కువ శాతం కలుపుకుందాం అనేవాళ్లకి

డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడిది గోల్ఫ్ జీటీఐ. వీఆర్ఎస్‌కి అన్నదమ్ముల ఇంజిను. వాడికి దగ్గర్లోనే ఈ85 పంపు ఉంది. ట్యాంకులో కొంత ఈ85, కొంత మామూలుది పోసి ఈ30 చేసుకుంటాడు. పంపు మార్చకుండా ఆ ఇంజిన్లో సాధారణంగా అంతవరకే సాగుతుంది. "మామయ్యా, నీకు అక్కడ దొరకదా?" అని అడుగుతూ ఉంటాడు.

వాడికి కూడా మొదట్లో ఒక తంటా వచ్చింది. అమెరికాలో ఈ85 అని రాసి ఉన్నా, ప్రమాణం ప్రకారం అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండవచ్చు. చలికాలంలో బండి తేలిగ్గా స్టార్ట్ కావాలని తగ్గిస్తారు. వీడు 85 అనుకుని లెక్క కట్టి కలిపాడు, డిసెంబర్లో ట్యాంకులో అనుకున్నదానికన్నా చాలా తక్కువ పడింది, బండి టైమింగు లాగేసింది. రాత్రి ఫోను చేశాడు. గొట్టం కొనుక్కో అన్నాను.

మన దగ్గర 2024 మార్చి 15న ఇథనాల్ 100 పేరుతో ఒక ఇంధనం మొదలైంది. పేరు 100 అయినా అందులో ఇథనాల్ సుమారు 93 శాతమే, మిగతాది కొంచెం పెట్రోలు, కొంచెం కలుపుడు ద్రవం. మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, తమిళనాడులో 183 బంకుల్లో మొదలుపెట్టారు. ఆ జాబితాలో మనం లేం. లెక్క చెబుతాను, చేయమని కాదు, అర్థం కావడానికి: 50 లీటర్ల ట్యాంకు ఈ30 కావాలంటే, 93 శాతం సరుకు సుమారు 7 లీటర్లు, ఈ20 43 లీటర్లు. చూశారా, ఎంత తక్కువో. 7 లీటర్ల బదులు పొరపాటున 14 పోస్తే ట్యాంకు ఈ40 అవుతుంది, రైల్ ప్రెషర్ కూలిపోతుంది.

కర్ణాటక దాకా క్యాన్లు పట్టుకుపోదామా అని అడిగినవాళ్లున్నారు. డిక్కీలో ప్లాస్టిక్ క్యాన్లతో ఎండలో నాలుగు గంటలు ప్రయాణం అంటే నేను సమాధానం చెప్పను. ఇంకొకడు ల్యాబు స్పిరిట్ తెస్తానన్నాడు. నాయనా, ఎక్సైజు వాళ్ల లెక్కలో అది పెట్రోలు కాదు, సారా సరుకు. పట్టుబడితే నీ మ్యాప్ గురించి ఎవరూ అడగరు.

బాటిళ్లలో అమ్మే "ఇథనాల్ విరుగుడు" మందులు కూడా ఇదే కోవ. ట్యాంకులో పోసిన ఇథనాల్ని ఏ చిన్న బాటిలూ మాయం చేయలేదు. తుప్పు పట్టకుండా చేసేవి కొన్ని నిజంగా ఉన్నాయి, ఎక్కువ రోజులు నిలిపే బండికి పనికొస్తాయి. అంతకుమించి ఆశపడకండి.

నిలిపి ఉంచే బండి

వారానికి ఒకసారి బయటికి తీసే ముద్దు బళ్లకే ఈ20 ఎక్కువ చేటు చేస్తుంది. రోజూ తిరిగే బండిలో పెట్రోలు నిలవ ఉండదు. నిలిచిన బండిలో ఖాళీ ట్యాంకు మన వానాకాలపు తేమ పీలుస్తుంది. ఆ నీళ్లని ఇథనాల్ పట్టుకుంటుంది, కొంతవరకు తనలోనే మోస్తుంది. హద్దు దాటాక, గొట్టంలో మనం చూసిందే ట్యాంకులో జరుగుతుంది: నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. పైన మిగిలేది ఆక్టేన్ తగ్గిన పెట్రోలు.

అందుకని నెలకి మించి నిలిపేటప్పుడు ట్యాంకు నిండుగా పోయించి నిలపండి. గాలికి చోటు లేకపోతే తేమకి చోటు లేదు. పెద్ద వాన పడిన మర్నాడు, నీళ్లు నిలిచే పల్లంలో ఉన్న బంకులో పోయించకండి. మూడు నెలలు నిలిచిన బండిని స్టార్ట్ చేసేముందు అడుగు నుంచి గ్లాసుడు పెట్రోలు తీసి గాజు సీసాలో చూడండి, రెండు పొరలు కనిపిస్తే మొత్తం దింపేయండి. ఇంజినాయిలు విషయంలో నేను కంపెనీ చెప్పిన 15,000 దాకా ఆగను. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే టర్బో బండికి 7,500కే మార్చేస్తాను. ఆయిలు సరిగ్గా వేడెక్కకపోతే అందులో దిగిన ఇథనాల్, నీళ్లు ఆవిరై పోవు.

రాబోయేది

వేగం బళ్లకి ఇథనాల్ శత్రువు అనేవాళ్లకి నేను కోనిగ్‌సెగ్ చూపిస్తాను. ఆ స్వీడన్ కంపెనీ జెస్కో కారు మామూలు పెట్రోలు మీద 1,280 హార్స్‌పవర్ ఇస్తే, ఈ85 మీద 1,600 ఇస్తుంది. 2023లో వచ్చిన డాడ్జ్ డీమన్ 170 ఈ85 మీద 1,025 హార్స్‌పవర్, ఈ10 మీద 900. అమెరికాలో ఇండీకార్ పందేలు 2007లో పూర్తి ఇథనాల్‌కి మారాయి. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్ 2009 నుంచి ఈ85 తాగాయి. ఫార్ములా వన్ 2022లో ఈ10కి వచ్చింది. బ్రెజిల్లో 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ ఫ్లెక్స్ బండి వచ్చినప్పటి నుంచి జనం ఏ పంపు చవకగా ఉంటే అది పోయించుకుంటున్నారు. అక్కడి మామూలు పెట్రోలే 2025 ఆగస్టు నుంచి ఈ30. ఇవన్నీ ఇథనాల్ కోసమే కట్టిన బళ్లు, లేదా ట్యాంకులో ఏముందో తెలుసుకునే బళ్లు. మన గొడవ అంతా ఏదీ తెలియని బళ్లతోనే.

మన దేశంలో 2023 ఆగస్టులో టొయోటా ఫ్లెక్స్ ఇన్నోవాని నమూనాగా చూపించారు. బైకుల్లో టీవీఎస్ అపాచీ 2019లోనే ఇథనాల్ రకం తెచ్చింది. ఈ20 తర్వాత ఎంత అన్నది తేలాల్సి ఉంది. 2026 అక్టోబర్ 31 వరకు ఈ20తోనే అని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. ఉత్త పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. కాబట్టి వెనక్కి వెళ్తామని ఎదురుచూడకండి. ఈ ఇథనాల్ ఎక్కువ భాగం మొక్కజొన్న, బియ్యం, చెరకు నుంచి వస్తోంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు రోడ్డెక్కారు. నేను ఇంజిన్ మనిషిని, ఆ నీళ్ల లెక్కలు నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. కానీ ఆ గొడవ ఎలా తేలితే మన బంకులో శాతం అలా ఉంటుంది.

ఇప్పుడు బండి కొనేవాళ్లయితే ఈ20కి ట్యూన్ అయిందే కొనండి. ఉన్న బండినే పెంచుకునేవాళ్లయితే పెద్ద టర్బో మీద డబ్బు పెట్టేముందు పెట్రోలు పంపు, ఇంజెక్టర్ల మీద పెట్టండి. ఆ తర్వాత ఫ్లెక్స్ సెన్సర్ మీద.

ఆ సెన్సర్ పిడికిలంత ఉంటుంది. పెట్రోలు లైన్లో మధ్యలో కూర్చుంటుంది. మూడు తీగలు: 12 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. ఇథనాల్ లేకపోతే 50 హెర్ట్జ్, ఉత్త ఇథనాల్ అయితే 150 హెర్ట్జ్. మధ్యలో ప్రతి ఒక్క శాతానికీ ఒక్కో హెర్ట్జ్ పెరుగుతుంది. దాన్ని చదివే ఈసీయూ ఉంటే, లేదా పక్కన చిన్న కంట్రోలర్ పెడితే, ట్యాంకులో 12 పడినా 30 పడినా మ్యాప్ తనే సర్దుకుంటుంది. మేనల్లుడు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకటి తెచ్చాడు. ఇంకా ఏ బండికీ బిగించలేదు. బల్ల మీద చిన్న ట్యాంకు, పంపు పెట్టి, సిగ్నల్ తీగకి ఒక పుల్-అప్ రెసిస్టర్ వేసి, మల్టీమీటరుకి కలిపాను. కూకట్‌పల్లి బంకు పెట్రోలు పోశాను. గొట్టంలో అంతకుముందే చూస్తే గీత 26 మీద ఆగింది, అంటే 18 శాతం కొంచెం తక్కువ. మీటరు 69 హెర్ట్జ్ చూపించింది, అంటే 19 శాతం. పోలో ఓనరు పక్కనే నిలబడి రెండూ మార్చి మార్చి చూశాడు. "మరి నాకెప్పుడు బిగిస్తవ్ అన్నా?" అన్నాడు. ముందు ఆ రెండో ఫిల్టరు మార్పించుకో, 2,000 కిలోమీటర్లు తిరిగి లాగ్ పట్టుకురా అన్నాను.